పొగమంచు లేని ఆదివారం

స్కార్‌బెక్, యార్క్‌షైర్
1861 మార్చి 12, మంగళవారం

ప్రియమైన హాల్‌కోంబ్ పాదిరి గారికి,
బూట్లు కుట్టే మీ స్నేహితుడు అబ్నేరు థ్వైట్ ప్రభువునందు వందనములు.

మా ఉత్తరాది కొండల్లో చలి తప్ప ఇంకేదీ బాగా పండదని పోయిన ఉత్తరంలో ఎగతాళి చేశారు. దానికి జవాబు ఈ కవరులో ఉంది. తలుపులు వేసుకుని విప్పండి, గాలికి పోతే మళ్ళీ తొమ్మిది మైళ్ళు నడవాలి.

ఇది రేవెన్ ఫోస్ జలపాతం దగ్గర దొరికింది. ఎడమ పక్క రాయి మీద, తుంపర పడేచోట, నా అరచేయంత మేర ఉంది. దూరం నుంచి నల్లగా కనిపించింది. ఎండ పడేసరికి కొసలన్నీ బంగారంలా వెలిగాయి. భూతద్దంలో చూస్తే ఆకు మధ్య ఈనె కొసదాకా పోకుండా ముందే ఆగిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఈ కొండల్లో నాచు కోసం మోకాళ్ళ మీద తిరుగుతున్నాను కదా, ఇలాంటిది నా కంట పడలేదు. మీరు నాలుగేళ్ళ కింద పంపిన నార్వే పొట్లాల్లో ఒకదానికి దీని పోలిక ఉందనిపిస్తోంది. తేల్చాల్సింది మీరు.

జేబులో వేరే కాగితం లేక చేతికందిన దాంట్లోనే మడిచాను. మీరు నేర్పినట్టే తేదీ, గంట, వెలుగు, రాయి, అన్నీ పైన పెన్సిలుతో రాశాను.

నా ఆదివారం పాంటు మోకాళ్ళు చూసి మా ఇంటావిడ హెప్సిబా నిలదీసింది. "ఇవి ప్రార్థన చేసి అరిగినవా, నాచు ఏరి అరిగినవా? పైన రాసుకునే దేవదూత తికమకపడతాడయ్యా, ఏదో ఒకటి తేల్చి చెప్పు" అంది. నేను పాంటు దులుపుకుని బల్ల దగ్గరికి పోయాను. మొన్నటి ఆదివారం గురించి ఇంకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మీ ఉబ్బసం ఎలా ఉంది? తేనె పంపుతున్నాను. మాలా మనసుకు తోచినట్టు కాక, ప్రార్థన పుస్తకం చూసి ప్రార్థించే మీ వాళ్ళకు కూడా అది పనిచేస్తుంది.

మీ
అబ్నేరు థ్వైట్


ఆష్‌కోట్ రెక్టరీ, ష్రాప్‌షైర్
మార్చి 21

ప్రియమైన అబ్నేరు,

తేనె అందింది. నీ వేళాకోళం కూడా అందింది. మా ప్రార్థన పుస్తకం జోలికి రాకు, నీ నోటి కంటే అదే నయమని మా బిషప్పు అంటాడు.

ఇక అసలు సంగతి. నీ పొట్లాన్ని సోమవారం పొద్దున విప్పాను. నార్వే నాచు పక్కన పెట్టి, నా సూక్ష్మదర్శిని కింద నాలుగు రోజులు చూశాను. ఆకు, ఈనె, అంచు, అన్నీ సరిపోయాయి. అబ్నేరు, ఇది అదే. మంచుకొండల్లో తప్ప పెరగదని పుస్తకాలన్నీ చెప్పే నాచు నీ జలపాతం పక్కన కూర్చుని ఉంది. ఇంగ్లండులో దీన్ని ఇంతకుముందు ఎవరూ చూడలేదు.

నా పుస్తకం ఎండాకాలం చివర అచ్చుకు పోతోంది. అందులో ఈ నాచు కింద "అబ్నేరు థ్వైట్, స్కార్‌బెక్" అని పడుతుంది. కనిపెట్టినవాడి పేరు పెద్దమనుషులకే ఎందుకుండాలని నువ్వు ఎన్నిసార్లు నన్ను తిట్టలేదు. ఇప్పుడు తిట్టు చూద్దాం.

లండన్‌లో నాచుల విషయంలో డాక్టర్ క్రాష్‌లీ మాటే తీర్పు. సగం ఆయనకు పంపుతున్నాను, నీ పొట్లం కాగితంతో సహా.

హెప్సిబమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ స్నేహితుడు
సెప్టిమస్ హాల్‌కోంబ్


స్కార్‌బెక్
ఏప్రిల్ 4

ప్రియమైన పాదిరి గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను, నాలుగోసారి హెప్సిబాకు వినిపించాను. "అయితే నీ పేరు పుస్తకంలో పడుతుందన్నమాట. బూటు అడుగున మేకు కొట్టడానికి పనికొస్తుందా?" అంది. తరవాత పక్కింటికి వెళ్ళి అరగంట ఏం చెప్పిందో నాకు తెలుసు, గోడ పలచన.

మొన్న మా మూడు నెలల సభ జరిగింది. మా పద్ధతి మీకు తెలియదు గనక చెబుతాను. మా ఈ మండలంలో పదకొండు మందిరాలు, ఒకే ఒక్క పాస్టరు. మిగతా ప్రసంగాలన్నీ మాలాంటి పనిపాటల వాళ్ళవే. ఏ ఆదివారం ఎవరు ఏ మందిరానికి నడవాలో మూడు నెలలకొకసారి పట్టీ అచ్చువేస్తారు. అందులో ఒక్కొక్కరికి ఒక అంకె. పైన ఉన్నవాళ్ళు చనిపోయే కొద్దీ మనం పైకి వెళ్తాం. ఇరవై రెండేళ్ళ కింద నాది ముప్పై ఒకటి. ఇప్పుడు నాలుగు. రాణిగారు కిరీటం తీసి ఇస్తానన్నా ఆ నాలుగును మార్చుకోను.

సభలో అందరూ నా కోసం లేచి నిలబడి స్తుతి కీర్తన పాడారు. నేను కొండ మీద ఆపదలో పడి బయటపడ్డానని వాళ్ళ నమ్మకం. పాడుతున్నంతసేపూ నేను నా టోపీ లోపలి కుట్టు చూస్తూ కూర్చున్నాను. బాగా కుట్టలేదు. పాట మాత్రం చాలా పొడుగు.

డాక్టర్ గారు ఏమంటారో రాయండి.

మీ
అబ్నేరు


ఆష్‌కోట్ రెక్టరీ
మే 2

ప్రియమైన అబ్నేరు,

ఈ ఉత్తరం రాయడానికి వారం పట్టింది. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు.

డాక్టర్ క్రాష్‌లీ నాచు కంటే ముందు కాగితం చూశాడు. ఆయన రాసింది నీకు ఉన్నదున్నట్టు చెప్పడమే న్యాయం: "మీ బూట్లవాడు దీన్ని మెథడిస్టుల ప్రసంగాల పట్టీలో మడిచాడు. అందులో మార్చి 10 ఆదివారం, హోథ్‌గిల్ మందిరం, పదిన్నర గంటలు, అని ఉన్న గడిలో నాలుగు అనే అంకె. కింద జాబితాలో నాలుగు అంటే థ్వైట్. అదే కాగితం మీద పెన్సిలుతో, అదే రోజు పదకొండు గంటలకు, ఎండలో, జలపాతం దగ్గర ఈ నాచు తీశానని అదే థ్వైట్ రాశాడు. పదకొండు గంటలకు పులిపీఠం ఎక్కి ప్రసంగిస్తూ ఉండాల్సినవాడు జలపాతం దగ్గర ఎలా ఉంటాడు? మీరు అతనికి నార్వే నాచు పంపారని మీరే చెప్పారు. పొట్లాలు కలిసిపోయి ఉంటాయి, లేదా కలిపి ఉంటాడు."

నువ్వు కలిపావని నేను ఒక్క క్షణం కూడా అనుకోను. కానీ ఆయన ఒప్పుకోనిదే అచ్చువేసేవాడు ఆ పేజీ వేయడు. రెండు దారులున్నాయి. నార్వే పొట్లంతో పొరపాటున కలిసిపోయిందని నువ్వొక చీటీ రాసి ఇస్తే గొడవ నిశ్శబ్దంగా ముగుస్తుంది. ఇలాంటి పొరపాట్లు నాకే పది జరిగాయి, ఇందులో అవమానం లేదు. లేదంటే ఆ రోజు పదిన్నర నుంచి ఎక్కడున్నావో, ఎందుకున్నావో సంతకం పెట్టి రాయాలి. దాన్ని పుస్తకం చివర వేస్తాను.

జూలై నెలాఖరులోగా తెలియజెయ్యి.

నీ
సెప్టిమస్ హాల్‌కోంబ్


స్కార్‌బెక్
మే 6

ప్రియమైన పాదిరి గారికి,

కోపం తెచ్చుకోవద్దన్నారు. తెచ్చుకున్నాను. షాపులో ఉన్న రెండు జతల బూట్లకు వాటి యజమానులు ఊహించనంత గట్టిగా మేకులు పడ్డాయి.

కలిసిపోయిందని చీటీ రాయను. మీ నార్వే పొట్లాలు నాలుగేళ్ళుగా మా అత్తగారి టీ డబ్బాలో, మైనం పెట్టి మూసి ఉన్నాయి. హిజ్కియా రాజు పరదేశులకు తన ఖజానా చూపించినంత గర్వంగా వచ్చిన ప్రతివాడికీ ఆ డబ్బా చూపిస్తాను గానీ, మూత మాత్రం తీయను. ఆ నాచు రేవెన్ ఫోస్ రాయి మీదిది. దాన్ని నా గోరుతో తీశాను.

ఇక ఆ రోజు ఎక్కడున్నానో మీకు చెబుతాను. ఇది మొదట వింటున్నది మీరే, హెప్సిబా కూడా కాదు.

మార్చి 10న ఏడింటికి ఇంటి నుంచి బయల్దేరాను. హోథ్‌గిల్‌లో పదిన్నరకు నా వంతు. ఆకాశం తుడిచిన అద్దంలా ఉంది. పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఎక్కడా మబ్బుతునక లేదు. పదింటికి రేవెన్ ఫోస్ దగ్గర నీళ్ళు తాగుదామని వంగాను. అక్కడి నుంచి మందిరం ఇంకా రెండు మైళ్ళు. నాచు కనిపించింది. ఒక్క నిమిషం అనుకుని మోకరించాను. అద్దం తీశాను. ఆ ఆకుల అడుగున ఇంకో అడవి ఉంది పాదిరి గారూ, ఆ అడవిలో పురుగులు నడుస్తున్నాయి. ప్రతి ఆకు కొసన ఒక నీటిబొట్టు, ప్రతి బొట్టులో తలకిందులుగా సూర్యుడు. పొదలో మండుతున్న అగ్ని చూసి మోషే చెప్పులు విప్పాడు. చెప్పులు కుట్టేవాణ్ణి, నాకు ఆ తెలివి కూడా రాలేదు, అలాగే ఉండిపోయాను. లేచేసరికి ఎండ అవతలి గట్టుకు పోయింది. హోథ్‌గిల్‌కు పరిగెత్తాను. ఒంటిగంట దాటింది, తలుపుకు తాళం. ఎవరి గుమ్మమూ తొక్కకుండా దొంగలా వెనక్కి వచ్చేశాను.

మూడు నెలల సభలో అడిగారు. అడిగింది రూబెన్ ఆల్డర్సన్, ధాన్యం వ్యాపారి, మా సభ లెక్కలూ పద్ధతులూ ఆయన చేతిలో ఉంటాయి. "హోథ్‌గిల్ వాళ్ళు గంటసేపు కూర్చుని లేచిపోయారట. ఏమైంది అబ్నేరూ, పైన పొగమంచు పట్టుకుందా?" అన్నాడు. జాలిగా అడిగాడు. నేను "పట్టుకుంది" అన్నాను. ప్రభువును ఎరగనని పేతురు మూడుసార్లు బొంకాడు. నాకు ఒక్కసారితో సరిపోయింది, ఎందుకంటే నన్ను అడిగింది ఒక్కసారే. అప్పుడు లేచి ఆ స్తుతి కీర్తన పాడారు.

నేను సంతకం పెట్టి రాస్తాను, మీరు లండన్‌లో అచ్చువేయండి. కానీ మా వాళ్ళు ఇక్కడ పొగమంచును నమ్ముతూ ఉండగా అక్కడి పెద్దమనుషులు ఎండ గురించి చదవడం నాకు సమ్మతం కాదు. ముందు మా సభలో చెబుతాను. అది జూన్ 27న. వంతుకు రాకపోతే మందలిస్తారు. సభలో అబద్ధమాడితే పట్టీలో పేరు కొట్టేస్తారు. ఈ నియమం రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మీ
అబ్నేరు


ఆష్‌కోట్ రెక్టరీ
మే 14

ప్రియమైన అబ్నేరు,

వద్దు.

నువ్వు ప్రసంగం చేసేటప్పుడు ఎలా ఉంటావో నేను చూడలేదు గానీ, నీ ఉత్తరాల్లోనే వినిపిస్తావు. ఇరవై రెండేళ్ళ పనిని అరచేయంత నాచు కోసం పారేసుకోకు. రాత్రంతా ఆలోచించాను, ఒక దారి తోచింది. నీ పెన్సిలు రాత కొంచెం చెరిగి ఉంది. 10 అన్నది 11 అనుకోవడానికి వీలుంది. పదకొండు సోమవారం. సోమవారం ఎవరైనా జలపాతం దగ్గరికి వెళ్ళవచ్చు. నువ్వు ఏమీ రాయనక్కర్లేదు, నేను చదివినట్టు నేను వేస్తాను. నాచుకు న్యాయం జరుగుతుంది, నీ మందిరానికి నష్టం ఉండదు. దీనివల్ల బాధపడే ప్రాణి ఏదైనా ఉందా చెప్పు?

నువ్వు జవాబు రాయకపోతే సరేనన్నావని అనుకుంటాను.

నీ మేలు కోరే
సెప్టిమస్ హాల్‌కోంబ్


స్కార్‌బెక్
మే 17

ప్రియమైన పాదిరి గారికి,

జవాబు రాస్తున్నాను.

అది పదే. పదకొండు కాదు. నాకు చదువు చెప్పిన బడి లేదు, అంకెలు మాత్రం సరిగ్గా రాస్తాను, పిల్లల కాళ్ళ కొలతలు తప్పితే ఏడుస్తారు గనక. గేహజీ తన యజమానికి తెలియకుండా ఆయన బాగుచేసిన సేనాపతి వెనక పరిగెత్తి ఒక చిన్న అబద్ధంతో రెండు దుస్తులు తెచ్చుకున్నాడు, ఇంటికి వచ్చేసరికి ఒళ్ళంతా కుష్ఠు పట్టి మంచులా తెల్లబడింది. మీరు ఒక చిన్న గీత గీసి నాకు ఒక పుస్తకం తెచ్చిపెడతానంటున్నారు.

కోపంతో రాయడం లేదు. నా మీద ప్రేమతోనే అన్నారని తెలుసు. ఆదాముకు పండు ఇచ్చింది కూడా శత్రువు కాదు.

హెప్సిబాకు చెప్పాను. రొట్టె పిండి పిసుకుతోంది, ఆపలేదు. "పొగమంచు లేదని నాకు అప్పుడే తెలుసు. ఆ రోజు ఉతికిన దుప్పట్లు మధ్యాహ్నానికే ఎండాయి" అంది. "మరి అడగలేదేం?" అన్నాను. "నువ్వు చెబుతావేమోనని చూశాను. రెండు నెలలు పట్టింది. నాచు పెరిగినంత నిదానంగా పెరుగుతావు నువ్వు" అంది. పని చేయకూడని ఆదివారం ఆమె దుప్పట్లు ఉతికిందని సభకు తెలిస్తే ఆమెను కూడా నిలబెడతారు. ఆ మాట అంటే పిండి చేతితోనే నా చెవి పట్టుకుంది.

మీ
అబ్నేరు


స్కార్‌బెక్
జూన్ 29

ప్రియమైన పాదిరి గారికి,

సంతకం పెట్టిన కాగితం ఇందులో ఉంది, ఆ రాయి మీద నుంచి మళ్ళీ తీసిన నాచు ముక్క కూడా. ఎక్కడున్నానో, ఎందుకున్నానో, సభలో ఏమని బొంకానో, అన్నీ రాశాను. హెప్సిబా సాక్షి సంతకం చేసింది.

సభలో ఇరవై ఏడుగురు ఉన్నారు. మా పాస్టరు హార్‌గ్రేవ్ గారు కుర్రవాడు, మంచివాడు, మాట మెత్తన. వచ్చే పట్టీ చదవబోతుంటే లేచి, ముందు నా మాట వినమన్నాను. మొత్తం చెప్పాను. 

రూబెన్ మొదట తేరుకున్నాడు. "నాచా?" అన్నాడు.

"నాచే."

"ఆవు కూడా తినదే దాన్ని. పోనీ ఒక గొర్రె బురదలో పడి ఉంటే లాగుతూ ఆగిపోయానన్నా క్షమించేవాళ్ళం. ఏడుగురు నిన్ను నమ్మి చల్లటి బెంచీల మీద కూర్చున్నారు, నువ్వు రాయి మీద పాకుడు చూస్తూ కూర్చున్నావు. పైగా మా అందరి చేతా పాట పాడించావు."

"పాట మీరే మొదలుపెట్టారు రూబెన్ గారూ. కానీ ఆపాల్సింది నేనే. ఆ తప్పు నాది."

వెనక ఎవరో నవ్వారు. పాస్టరు గారు చెయ్యి ఎత్తి, "సోదరుడా, నువ్వు పశ్చాత్తాపపడుతున్నావు కదా? మనస్ఫూర్తిగా ఒప్పుకుని ఇక ఈ నాచుల పని మానేస్తానంటే, ఆరు నెలలు ఆపి, మళ్ళీ నీ అంకె నీకు ఇవ్వవచ్చు. నేనే ప్రతిపాదిస్తాను" అన్నారు.

ఆయన తలుపు బార్లా తెరిచిపెట్టారు పాదిరి గారూ. నేను చేయాల్సిందల్లా తల వంచి లోపలికి నడవడం.

నేను అన్నాను: "అబద్ధమాడినందుకు పశ్చాత్తాపపడుతున్నాను. హోథ్‌గిల్ వాళ్ళను చలిలో కూర్చోబెట్టినందుకు పడుతున్నాను. అక్కడ మోకరించినందుకు మాత్రం పడను. ఆ గంటలో నేను చేసినంత ప్రార్థన ఇరవై రెండేళ్ళలో ఏ పులిపీఠం మీదా చేయలేదు."

"మూడూ కలిపి ఒకేసారి అనెయ్యవయ్యా, ముగించేద్దాం. పాలు పితికే వేళయింది" అన్నాడు రూబెన్.

"మూడూ కలిపితే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఒకటి కడుక్కోవడానికే వచ్చాను, ఇంకోటి పులుముకుని పోను."

పాస్టరు గారు మళ్ళీ అడిగారు. నేను మళ్ళీ అదే చెప్పాను. చేతులెత్తమన్నారు. పందొమ్మిది మంది ఎత్తారు. నేను నేర్పి పట్టీలోకి తెచ్చిన ఇద్దరు కూడా ఎత్తారు, నా వైపు చూడకుండా. తరవాత రూబెన్ కొత్త పట్టీ మీద గీత గీశాడు. స్కేలు పెట్టి గీశాడు. ఆయన ఏ పనైనా శుభ్రంగా చేస్తాడు.

 దావీదులా నిలబడి వచ్చానని మీకు రాయాలని ఉంది, కానీ బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. వచ్చే ఆదివారం నాకు నడవాల్సిన దారి లేదు. ఇరవై రెండేళ్ళలో ఇది మొదటిసారి.

పుస్తకంలో వేయండి. అది పదో తేదీ, పదకొండు గంటలు, మంచి ఎండ.

మీ
అబ్నేరు థ్వైట్


ఆష్‌కోట్ రెక్టరీ
జూలై 20

ప్రియమైన అబ్నేరు,

నీ కాగితాన్ని డాక్టర్ క్రాష్‌లీకి పంపాను. నీ మాట మీద ఆయనకు ఇక సందేహం లేదు. "ఇతను నిజం చెబుతున్నాడు, ఇంత నష్టపోయి ఎవరూ అబద్ధమాడరు" అని రాశాడు. అందుకే అప్పుడు మొదటిసారిగా కాగితం పక్కన పెట్టి నాచును చూశాడు.

ఆయన దగ్గరున్న సూక్ష్మదర్శిని నాదానికంటే మూడింతలు మేలైనది. ఆయన నీ జలపాతం నుంచి నువ్వు తరవాత పంపిన ముక్కలో కాయలు కూడా చూశాడు. కాయ మూతి చుట్టూ రంపపు పళ్ళలా ఉండే అంచు వేరు. అబ్నేరు, అది నార్వే నాచు కాదు. ఇక్కడ నా ఇంటి కాలువ గట్టున, నీ ఇంటి వెనక బావి రాళ్ళ మీద, ఇంగ్లండులో తడి ఉన్న ప్రతిచోటా పెరిగే మామూలు నాచు. ఎడతెగని తుంపరలో తడిసి తడిసి ఆకు సాగి, రంగు మారి, ఈనె పొట్టిబడి అలా కనిపించింది.

పేరు పెట్టింది నువ్వు కాదు, నేను. నువ్వు పోలిక ఉందన్నావు, తేల్చమన్నావు. నాలుగు రోజులు చూసి, చూడాలనుకున్నదే చూశాను. నా పుస్తకంలో ఒక కొత్త నాచు ఉండాలని నాకు ఎంత ఆశగా ఉండిందో ఇప్పుడు తెలుస్తోంది. ఆ ఆశ లేకపోతే నిన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. నీ అంకె నీకే ఉండేది.

ఆ పేజీ తీసేస్తున్నాను. మీ పాస్టరు గారికి నేనే ఉత్తరం రాస్తాను. ఇదంతా ఒక మామూలు నాచు గురించి, నా తప్పు వల్ల జరిగిన గొడవ అని, చిన్న విషయమని చెబితే ఆయన మళ్ళీ ఆలోచించవచ్చు. నీ అనుమతి కోసం ఆగాను.

నన్ను క్షమిస్తావో లేదో రాయి.

నీ
సెప్టిమస్ హాల్‌కోంబ్


స్కార్‌బెక్
జూలై 26

ప్రియమైన పాదిరి గారికి,

మీ ఉత్తరం చదివి బావి దగ్గరికి వెళ్ళాను. నిజమే, అక్కడ ఉంది. తొమ్మిదేళ్ళుగా దాని మీద బాల్చీ పెడుతున్నాను. అద్దం పెట్టి చూశాను. అదే అడవి, అవే బొట్లు, ప్రతి బొట్టులో తలకిందులుగా సూర్యుడు. హెప్సిబా కిటికీలోంచి, "ఇంటి దగ్గరే ఉన్నదాని కోసం తొమ్మిది మైళ్ళు పోయావా?" అంది. "పోకపోతే ఇది కనిపించేది కాదు" అన్నాను. "అయితే నన్ను చూడటానికి ఎంత దూరం పోతావయ్యా?" అంది. నీళ్ళు తోడి ఇచ్చాను.

మిమ్మల్ని క్షమించాను. అది సులువు. ఇప్పుడు కష్టమైనది చెబుతాను.

మా పాస్టరు గారికి రాయవద్దు. మామూలు నాచు గనక చిన్న విషయం అంటారా? అరుదైనదైతే నా మోకాళ్ళకు విలువ, మామూలుదైతే లేదా? నేను ఆ సభలో నాచు గొప్పదని చెప్పలేదు. ఎండగా ఉందని చెప్పాను. అది ఇంకా ఎండగానే ఉంది. సొలొమోను చెట్ల గురించి చెబుతూ లెబానోను దేవదారులతో ఆగలేదు, గోడల్లో మొలిచే హిస్సోపు మొక్క దాకా వచ్చాడు. అది యెరూషలేములో ప్రతి గోడ మీదా ఉండేది. ఎవడూ దాని కోసం పుస్తకం అచ్చువేయలేదు. పేరు కొట్టేసినవాళ్ళు అరుదైన దాని కోసం కొట్టేశారనుకుని ఇన్నాళ్ళూ నాలో నేను కొంచెం గర్వపడ్డాను. ఆ గర్వం కూడా పోయింది, మంచిదే. ఇప్పుడు నా దగ్గర నిజం ఒక్కటే మిగిలింది, దానికి ఏ అలంకారమూ లేదు.

ఆ పేజీ తీసేయవద్దు. ఉంచండి. మీరు పెట్టిన పేరు వేసి, అది తప్పని, తప్పు మీదేనని, మీ పేరుతో కింద వేయండి. నేను నా తప్పు ఇరవై ఏడుగురి ముందు చెప్పాను, అందరూ నేను రోజూ మొహం చూడాల్సినవాళ్ళే. మీరు చెప్పాల్సింది మీ పుస్తకం కొనే, మీరు ఎన్నడూ చూడని మూడు వందల మందికి. మీ పని నా పని కంటే తేలిక. చేయకపోతే తేనె పంపను.

ఇక నా కబురు. నిన్న కెతూరా డింజ్‌డేల్ వచ్చింది. హోథ్‌గిల్‌లో మందిరం తాళంచెవి ఉండేది ఆమె దగ్గరే. డెబ్బై నాలుగేళ్ళు, కుంటుకుంటూ పదకొండు మైళ్ళు నడిచి వచ్చి, అడుగు ఊడిన బూటు నా బల్ల మీద కొట్టింది.

"నువ్వు మంచులో చచ్చిపోయావేమోనని మూడు వారాలు ఏడ్చాను, దొంగ మొహమా" అంది.

క్షమించమన్నాను.

"నీ కోసం పెట్టిన మటన్ మాడి బొగ్గయింది. ఆ మచ్చ గిన్నెకు ఇంకా పోలేదు."

దానికి కూడా క్షమించమన్నాను.

"ఆ రోజు నువ్వు రాలేదని నేనే లేచి వాక్యం చదివాను. నీ కంటే బాగానే చదివానన్నారు. పొట్టిగా కూడా చదివాను." బూటు వేసుకుని అటూ ఇటూ నడిచి చూసుకుంది. "మొన్న పట్టీలో ఉన్నాయన వచ్చాడు, సరైన టైముకు. ఏం చెప్పాడో ఎవరికీ గుర్తు లేదు. ఆదివారం మా ఇంటికి రా. నువ్వు రాయి మీద ఏం చూశావో మా వాళ్ళు వినాలంటున్నారు."

"కెతూరమ్మా, పట్టీలో నా పేరు లేదు. మందిరంలో మాట్లాడే హక్కు నాకు లేదు."

"మందిరమని ఎవరన్నారు? మా వంటింటికి రమ్మన్నాను. మా వంటింట్లో రూబెన్ ఆల్డర్సన్ స్కేలు పనిచేయదు."

ఈ మాట రూబెన్ చెవిన పడింది. పొద్దున షాపు ముందు ఆగి, వంటింట్లో మాట్లాడినా నియమానికి విరుద్ధమేనని, వెళ్తే సభ్యత్వం కూడా పోతుందని చెప్పాడు. వెళ్తున్నానని చెప్పాను. ఏ నియమం కిందో రాసి పెట్టుకోమని కూడా చెప్పాను. ఆయన కోపంగా పోలేదు. నాలుగడుగులు వేసి తిరిగి వచ్చి, "ఆ నాచు నిజంగా అంత బాగుంటుందా?" అని అడిగాడు. అద్దం ఇచ్చి బావి దగ్గరికి పంపాను. ఎంతసేపటికీ తిరిగి రాలేదు. హెప్సిబా బాల్చీ పట్టుకుని ఆయన లేచేదాకా నిలబడాల్సి వచ్చింది.

ఆదివారం పదిన్నరకు హోథ్‌గిల్‌లో ఉండాలి. ఈసారి ఐదింటికే బయల్దేరతాను. దారిలో ఒక రాయి దగ్గర రెండు గంటల పని ఉంది.

ప్రభువునందు, ఏ అంకే లేని
మీ అబ్నేరు థ్వైట్